రద్దీ వేళ ఎవరి వంతు ముందు?



ఒకటో తారీఖు తెల్లవారుతూనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో గ్రామ సచివాలయం ఉద్యోగులు బయల్దేరతారు. భుజాన పింఛను డబ్బుల సంచి, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వేలిముద్ర యంత్రం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి తోటల మధ్య వీళ్లు ఇల్లిల్లూ తిరుగుతున్న ఆ గంటలోనే రాష్ట్రమంతటా ఇదే పని నడుస్తూ ఉంటుంది. అవ్వ వేలు పెడుతుంది. తెర మీద చక్రం తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది. "ఏటి బాబూ, పడలేదా?" అంటూ అవ్వ వేలు చీర చెంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. జీడి పిక్కలు కొట్టిన చేతులైతే బాధ రెండింతలు. పెంకులోని నూనె తగిలి తగిలి వేలి గీతలే అరిగిపోయి ఉంటాయి. ఆ సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం. గీతలు చక్కగా ఉన్న వేలికి కూడా ఆ చక్రం ఎందుకు తిరుగుతుందీ అన్నది ఇవాళ్టి మాట.

ఆ వేలిముద్ర కబురు బరువెంతో ముందు చూడండి. నాలుగైదు కిలోబైట్లు, అంతే. పక్కింట్లో కుర్రాడు ఫోన్లో సినిమా చూస్తున్నాడనుకోండి, సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున అది నడుస్తుంటే ఒక్క సెకను సినిమాకు 500 కిలోబైట్లు కావాలి. అంటే అవ్వ వేలిముద్ర ఆ సినిమాలో ఒక్క సెకనుకు వందో వంతు. దానికి మెగాబిట్ల వేగం అక్కర్లేదు. అడిగిన వెంటనే దారి దొరికితే చాలు. మనకు ఇంటర్నెట్ అమ్మేవాళ్లు ప్రకటనల్లో చెప్పేది వేగం సంగతి. అవ్వకు కావలసింది భరోసా. ఈ రెండూ ఒకటి కావన్నదే నేను చెప్పదలచుకున్నది.

దూరం వల్ల ఆలస్యం అవుతోందేమో అనిపిస్తుంది గానీ అదీ కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పలాస నుంచి విశాఖపట్నం సుమారు 200 కిలోమీటర్లు. వెలుగు అక్కడికి చేరడానికి ఒక్క మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు. వెయ్యి కిలోమీటర్ల అవతల సర్వరున్నా అయిదు మిల్లీసెకన్లు. కబురు దారిలో నడవడానికి పట్టే సమయం అతి తక్కువ. మిగతాదంతా ఎక్కడో ఆగి నిలబడిన సమయం. ఫోను నుంచి టవరుకు, టవరు నుంచి ఫైబరుకు, రౌటరు నుంచి రౌటరుకు, చివరికి సర్వరు గుమ్మం దగ్గర. ఎక్కడ ఆగినా కారణం ఒక్కటే. కాసేపైనా సరే, వచ్చే పని చేసే శక్తిని మించిపోయింది.

నెట్‌వర్క్‌లో ఏ కబురూ మొత్తంగా పోదు. ముక్కలు ముక్కలుగా పోతుంది. ఆ ముక్కే ప్యాకెట్. మామూలుగా ఒక్కోటి గరిష్ఠంగా 1500 బైట్లు. సెకనుకు 10 మెగాబిట్లు మోసే తీగ మీద ఒక నిండు ప్యాకెట్ ఎక్కడానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది. తీగ సగం ఖాళీగా ఉంటే, నిరీక్షణతో కలిపి సగటున అంతకు రెట్టింపు సమయం. 90 శాతం నిండితే పది రెట్లు, 12 మిల్లీసెకన్లు. 99 శాతం నిండితే వంద రెట్లు, 120 మిల్లీసెకన్లు. ప్యాకెట్లు ఒక లెక్కాపత్రం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయనుకుని వేసిన లెక్క ఇది. నిజం నెట్‌వర్క్‌లో ఇంకా అధ్వాన్నంగానే ఉంటుంది, ఎందుకంటే ప్యాకెట్లు గుంపులుగా వస్తాయి. ఇందులో గమనించవలసింది ఏమిటంటే సగం నుంచి 90 శాతం దాకా వచ్చినంతవరకూ ఎవరికీ పెద్దగా తేడా తెలియదు. ఆ మీద పదిమంది అదనంగా వచ్చేసరికి అందరికీ ఒకేసారి తెలుస్తుంది. "మధ్యాహ్నం దాకా బానే ఉంది, సాయంత్రం ఏడింటికి ఏమైందో" అని మీరు అనుకుంటారు చూడండి, ఆ ఏడింటికి జరిగేది ఇదే.

ఈ లెక్క ఇంటర్నెట్ కంటే చాలా పాతది. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909లోనే మొదలుపెట్టాడు. ఎన్ని లైన్లుంటే ఎంతమందికి "ఖాళీ లేదు" అని చెప్పవలసి వస్తుందో 1917లో ఆయన ఇచ్చిన సూత్రం ఇవాళ్టికీ వాడుకలో ఉంది. ఆయన దగ్గరికి మళ్లీ వస్తాను.

1986 అక్టోబరులో అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ రెంటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడుస్తున్న లైను ఉన్నట్టుండి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. 40 బిట్లంటే సెకనుకు అయిదు అక్షరాలు. ఏ తీగా తెగలేదు, ఏ యంత్రమూ పాడవలేదు. జవాబు ఆలస్యమయ్యేసరికి కంప్యూటర్లు ప్యాకెట్ పోయిందనుకుని మళ్లీ పంపాయి. ఆ నకళ్లు రద్దీని పెంచాయి. రద్దీ పెరిగేసరికి జవాబు ఇంకా ఆలస్యమైంది. ఇంకోసారి పంపాయి. తీగ నిండుగానే ఉంది, కానీ అందులో పోయేవి ఎక్కువ పాలు ఒకే కబురు నకళ్లు. చక్రం తిరుగుతుంటే మనం ఓపిక పట్టలేక నాలుగుసార్లు బటన్ నొక్కుతాం. ఇదీ అదే పని.

ఆ ప్రయోగశాలలోని వాన్ జాకబ్‌సన్ దీనికి విరుగుడు కనిపెట్టి 1988లో ప్రచురించాడు. పంపే కంప్యూటరే తనను తాను అదుపులో పెట్టుకోవాలి. మొదట నెమ్మదిగా మొదలుపెట్టాలి. ప్యాకెట్లు సాఫీగా అందుతున్నంతసేపూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. ఒక్కటి పోయిందని తెలిస్తే చప్పున సగానికి తగ్గించాలి. పెంచడం కూడికతో, తగ్గించడం భాగహారంతో. ఇలా చేస్తే అందరికీ దాదాపు సమానమైన వాటా దక్కుతుందని 1989లో చియూ, రాజ్ జైన్ లెక్క వేసి చూపించారు. రాజ్ జైన్ మన బెంగళూరు ఐఐఎస్సీలో చదివినవాడు. అక్కడే చదివిన కె.కె. రామకృష్ణన్‌తో కలిసి ఆయన ఇంకో మాట చెప్పాడు. ప్యాకెట్ పారేసేదాకా ఆగడం ఎందుకు, రౌటరుకు వరస పెరుగుతోందని తెలిసినప్పుడే వెళ్తున్న ప్యాకెట్ మీద ఒక్క బిట్ గుర్తు పెట్టి పంపితే చాలదా అని. అవతలివాడు అది చూసి ఇవతలివాడికి చెబుతాడు, ఇవతలివాడు నెమ్మదిస్తాడు. ఆ ఒక్క బిట్ ఆలోచన 2001లో ఇంటర్నెట్ ప్రమాణాల్లోకి ఎక్కింది. ఏ పోలీసూ లేకుండా, ఎవరికి వాళ్లు తగ్గి నడుచుకోవడం మీద ఇంత పెద్ద ఇంటర్నెట్ నిలబడి ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే ఈ మర్యాదకు ఒక లోపం ఉంది. ఆ ఒక్క బిట్ గుర్తు లేనిచోట, ప్యాకెట్ పోతేనే పంపేవాడు నెమ్మదిస్తాడు. మరి పోకుండా మన ఇంటి వైఫై పెట్టే దాచేస్తే? సోంపేట దగ్గర ఒక ఇల్లు అనుకోండి. పెద్దకొడుకు సింగపూరులో ఫిట్టరు. రాత్రి పని దిగి వీడియో కాల్ చేశాడు. వరండాలో స్తంభానికి ఫోను ఆనించి అమ్మ మాట్లాడుతోంది. లోపలి గదిలో చెల్లెలు పెళ్లి వీడియో ఎక్కించడం మొదలుపెట్టింది. అంతే, "ఏటిరా, మాట తెగిపోతంది" అని అమ్మ, "వినిపించట్లేదమ్మా" అని కొడుకు, ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు. ఆ ఇంటి లైనులో పైకి పంపే వేగం సెకనుకు ఒక మెగాబిట్ అనుకుందాం. వైఫై పెట్టెలో 256 కిలోబైట్ల జ్ఞాపకం వరస కోసం ఉంది. పెళ్లి వీడియో ఆ చోటునంతా నింపేస్తుంది. అది ఖాళీ కావడానికి రెండు సెకన్లు. అమ్మ మాట తాలూకు ప్రతి చిన్న ప్యాకెట్టూ ఆ రెండు సెకన్ల వరస వెనకే నిలబడాలి. ఫోను సంభాషణ సహజంగా సాగాలంటే ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం సూచన. ఇక్కడ దానికి పదమూడు రెట్లు.

ఈ జబ్బుకు జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో బఫర్‌బ్లోట్ అనే పేరును వాడుకలోకి తెచ్చాడు. జ్ఞాపకం చవకైపోయిందని తయారీదారులు పెట్టెల్లో ఎడాపెడా నింపేశారు. ఒక్క ప్యాకెట్టూ పోకూడదన్నది వాళ్ల పట్టుదల. నిజానికి జాన్ నాగెల్ అనే ఇంజనీరు 1985లోనే హెచ్చరించాడు. రౌటరుకు అంతులేని జ్ఞాపకం ఇచ్చినా రద్దీ తీరదు, వరసలో ఉండగానే ప్యాకెట్లకు కాలం చెల్లిపోతుంది అని. ఆయన చెప్పిన మందు కూడా అప్పటిదే. ఒక్క వరస పెట్టకండి, మనిషికొక వరస పెట్టి ఒక్కొక్కరి దగ్గర్నుంచీ ఒక్కొక్కటి తీసుకోండి అన్నాడు. అలా చేస్తే పెళ్లి వీడియో వరస ఎంత పొడుగైనా అమ్మ మాటకు అడ్డు రాదు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ కలిసి మరో పద్ధతి చేశారు. వరస ఎంత పొడుగని చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. సేపు మించితే పారేస్తుంది. పారేయడమూ సేవే అన్నమాట. చాలా మందికి ఇది మింగుడుపడని మాట గానీ, ఆలస్యంగా చేరిన మాట కంటే పోయిన మాటే నయం. ఫోన్లో సెకనుకు 50 చిన్న ప్యాకెట్లు పోతాయి, ఒకటి రాకపోతే చెవి పట్టించుకోదు.

ఇంటి సంగతి సరే. ఊరికి ఊరు, జిల్లాకు జిల్లా మోసే పెద్ద రౌటర్ల దగ్గర లక్షల సంభాషణలు ఒకేసారి నడుస్తాయి. అక్కడ ఎవరికి ముందు దారి ఇవ్వాలి? మొదట వచ్చిన ఆలోచన ముందే చోటు రిజర్వు చేసుకోవడం. 1994లో ఇంటర్నెట్ ఇంజనీర్లు ఆ పద్ధతిని రాసుకున్నారు. ఫోను చేసే ముందు దారిలో ఉన్న ప్రతి రౌటరునూ అడిగి ఇంత వాటా నాకు ఉంచు అని కట్టించుకోవాలి. కాగితం మీద బాగుంది. కానీ ప్రతి రౌటరూ ప్రతి సంభాషణను గుర్తుపెట్టుకోవాలంటే పెద్ద రౌటర్లకు తలకు మించిన భారం. పైగా దారిలో పదిమంది యజమానులు ఉంటారు, ఒకరి రిజర్వేషన్ ఇంకొకరు ఎందుకు మన్నిస్తారు? అది పెద్దగా సాగలేదు.

1998లో వచ్చిన రెండో పద్ధతి మన పలాస వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడి బట్టీల దగ్గర గ్రేడింగు చూడండి. పిక్క కాల్చి, కొట్టి, పొట్టు తీసిన పప్పును బల్లల మీద పోసుకుని ఆడవాళ్లు గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేస్తారు. గుండులో మళ్లీ రకాలు: 180, 210, 240, 320. ఒక పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది, అంకె చిన్నదైతే పప్పు పెద్దది. డబ్బాలో నింపి పైన ముద్ర వేస్తారు. ఆ తర్వాత లారీలో ఎక్కించేవాడు గానీ, గోడౌనులో సర్దేవాడు గానీ, ఏ ఊరి వ్యాపారి గానీ డబ్బా మూత తీసి చూడడు. ముద్ర చూసి సర్దేస్తాడు. ఇంటర్నెట్‌లోనూ అంతే. ప్యాకెట్ తలకట్టులో ఆరు బిట్ల చోటు ఉంటుంది, అంటే 64 రకాల ముద్రలు వేయొచ్చు. అంచున ఉన్న రౌటరు ఒక్కసారి ముద్ర వేస్తుంది, నడుమ ఉన్న పెద్ద రౌటర్లు లోపల ఏముందో చూడకుండా ముద్రను బట్టి ముందు పంపాలో వెనక పంపాలో తేల్చేస్తాయి. మాటకు మామూలుగా వేసే ముద్ర 46.

గ్రేడింగులో ఉన్న కిటుకే ఇక్కడా ఉంది. ముద్ర వేసేవాడు నిజాయితీపరుడు కావాలి. ముక్కల డబ్బా మీద 180 అని కొట్టేస్తే మొత్తం బజారు చెడుతుంది. అందుకే ఇంటర్నెట్ కంపెనీ మన కంప్యూటరు వేసుకొచ్చిన ముద్రను అలాగే నమ్మదు, చెరిపేసి తన ముద్ర తను వేస్తుంది. ఒక కంపెనీ నెట్‌వర్క్ దాటి ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లేసరికి ఆ ముద్ర కూడా పోవచ్చు. అందరి డబ్బాలూ 180 అయితే 180కి విలువ లేనట్టే, అందరి ప్యాకెట్లూ ముందు వరసవే అయితే ముందు వరస అంటూ ఉండదు. కాబట్టి ఆ వరసలోకి ఎంత రానివ్వాలో కూడా కొలత పెడతారు.

4జీ ఫోన్లలో ఇలాంటి తరగతులు ముందే ఉన్నాయి. కంపెనీ ద్వారా మామూలుగా చేసే వోల్టీ కాల్‌కు 1వ తరగతి. ఏ ప్రత్యేకతా లేని ఇంటర్నెట్‌కు 9వ తరగతి. వాట్సాప్‌లో చేసే కాల్ కూడా మాటే కదా అని మనం అనుకుంటాం. టవరు దృష్టిలో అది సినిమాతో, రీల్స్‌తో కలిసి 9లోనే ఉంది. రద్దీ వేళ వాట్సాప్ కాల్ తెగుతుంటే మామూలు కాల్ చేసి చూడండి, చాలాసార్లు నిలుస్తుంది. అవ్వ వేలిముద్ర కూడా సాధారణ డేటా సిమ్ మీద పోతుంటే ఆ 9లోనే.

ఇక తీగ సంగతి. రాష్ట్ర ప్రభుత్వం ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేత ప్రారంభింపజేసింది. అప్పట్లో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను. అంత చవకగా రావడానికి ఒక ముఖ్య కారణం, నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు లాగడం. పరికరాలు కూడా సబ్‌స్టేషన్లలో పెట్టారు. తెలివైన పొదుపే, కాదనను. ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక ఫైబరు పోగును 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. ఈ రకం పోగు దిగువకు సెకనుకు సుమారు 2500 మెగాబిట్లు, ఎగువకు అందులో సగం మోస్తుంది. 64 ఇళ్లూ ఒకేసారి లాగితే ఇంటికి 39 మెగాబిట్లు. ఎగువకు పంపేటప్పుడు అందరూ ఒకే పోగు మీద వెలుగు వేస్తే కలగాపులగం అవుతుంది కనుక, అవతలి యంత్రం ఒక్కో ఇంటి పెట్టెకూ సెకనులో అతి చిన్న వంతు ఇచ్చి "ఇప్పుడు నువ్వు, ఇప్పుడు నువ్వు" అని పిలుస్తూ ఉంటుంది. ఇదంతా పోగు దాకా. ఆ పోగులన్నీ కలిసి బయటికి పోయే లైను ఎంతది అన్నదే అసలు ప్రశ్న, ఆ అంకె కనెక్షన్ రసీదు మీద ఉండదు.

ఆ ప్రారంభోత్సవానికి పది నెలలు నిండకుండానే, 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురులు 165 దాకా. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. కరెంటు స్తంభాలు వేలల్లో పడ్డాయి. స్తంభం పడితే కరెంటు పోయింది, దాని మీది ఫైబరూ పోయింది. కరెంటు లేక టవర్లు బ్యాటరీ మీద, ఆ తర్వాత డీజిలు మీద పడ్డాయి. చెట్లు అడ్డంగా పడిన దారుల్లో డీజిలు వెళ్లదు. కాగితం మీద రెండు దారులు, మూడు దారులు ఉన్నట్టు కనిపించినా, అన్నీ ఒకే స్తంభాన్ని నమ్ముకున్నవైతే అవి ఒక్క దారే. ఒకే ముప్పు పంచుకునే తీగలను ఒక జట్టుగా లెక్కగట్టి, రెండో దారిని ఆ జట్టు బయట వెతకమని నెట్‌వర్క్ శాస్త్రం చెబుతుంది. పలాస మీదుగా పోయే హౌరా-చెన్నై రైలు మార్గం పక్కన నేలలో రైల్‌టెల్ ఫైబరు ఉంటుంది. నేలలో ఉన్నది గాలికి చెక్కుచెదరదు. ఊరికి రెండు రకాల దారి ఉండాలంటే అర్థం ఇదీ: ఒకటి స్తంభం మీద, ఇంకొకటి నేలలో.

తుపాను తగ్గిన పగలు ఇంకో రద్దీ మొదలవుతుంది. బతికి ఉన్న టవరు ఏదైనా ఉంటే, చుట్టుపక్కల ఊళ్ల బంధువులు, హైదరాబాదు, విశాఖ, ముంబయి, ఓడల మీద ఉన్న పిల్లలు అందరూ ఒకేసారి దాని మీద పడతారు. ఇక్కడ ఎర్లాంగ్ సూత్రం పెట్టి చూడండి. ఒక చోట పది లైన్లు ఉన్నాయనుకుందాం. సగటున అయిదు లైన్ల పని వస్తే నూటికి ఇద్దరికి కూడా "ఖాళీ లేదు" అని చెప్పనక్కర్లేదు. పది లైన్ల పని వస్తే నూటికి 21 మందికి కలవదు. ఇరవై లైన్ల పని వస్తే సగానికి పైగా వెనక్కి పోతారు. కలవనివాళ్లు ఊరుకుంటారా? మళ్లీ చేస్తారు. 1986లో బర్క్‌లీలో కంప్యూటర్లు చేసిన పనే మనుషులు చేస్తారు. అధికారులు, కరెంటు లైన్‌మన్లు, అంబులెన్సు, అందరూ అదే గుంపులో ఉంటారు.

ఆ వేళ ఎస్ఎంఎస్ పంపడం మేలు. ఇంగ్లీషు లిపిలో 160 అక్షరాల చిన్న కబురు అది. కాల్‌లా లైను పట్టుకుని కూర్చోదు. వెంటనే కుదరకపోతే కాసేపు ఆగి తనంతట తనే చేరుతుంది. "బాగున్నాం" అన్న ఒక్క మాటకు అయిదు నిమిషాల కాల్ ఎందుకు?

హెచ్చరికల విషయంలో ఇంకా మంచి ఉపాయం ఉంది. పది వేల మందికి విడివిడిగా పది వేల ఎస్ఎంఎస్‌లు పంపితే నెట్‌వర్క్ మూలుగుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవరు ఒక్కసారే పలుకుతుంది, ఆ పరిధిలోని ప్రతి ఫోనూ వింటుంది. వినేవాళ్లు పదిమందైనా పదివేలైనా ఖర్చు ఒక్కటే. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద మోతతో అదిరి, ఇది పరీక్ష మాత్రమే అని తెర మీద చూపించాయి కదా, అది ఇదే. చాలామంది హ్యాకింగ్ అనుకుని హడలిపోయారు. మీరు ఇప్పుడు ఈ ప్రసంగం వింటున్న రేడియో కూడా అదే సూత్రం. మీరు ఎంతమంది విన్నా నా మాట నెమ్మదించదు. రద్దీ అన్నది తెలియని నెట్‌వర్క్ రేడియో. దానికి జవాబు చెప్పే వీలు లేదు, ఆ ఒక్క లోటూ నాకు ఇప్పుడు సుఖంగానే ఉంది.

ముందు వరసలో ఎవరుండాలి అన్నది ఇంజనీరు తేల్చే ప్రశ్న కాదు. డబ్బున్న కంపెనీ తన వీడియోకు ముందు వరస కొనుక్కుంటే? 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కో సైటుకు ఒక్కో ధర పెట్టడాన్ని నిషేధించింది. 2018 జులైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది. ఎవరి సమాచారమన్న వివక్ష కూడదు, కానీ నెట్‌వర్క్ సజావుగా నడవడానికి చేసే సబబైన నిర్వహణకు అడ్డులేదు. దూరం నుంచి చేసే శస్త్రచికిత్స లాంటి ప్రత్యేక సేవలు వేరు. నాకు ఇది న్యాయంగా ఉంది. మాటను సినిమా కంటే ముందు పంపడం అవసరాన్ని బట్టి. ఒకడి సినిమాను ఇంకొకడి సినిమా కంటే ముందు పంపడం డబ్బును బట్టి. మొదటిది ఉండాలి, రెండోది కూడదు. పలాస కిడ్నీ ఆసుపత్రి నుంచి విశాఖలో నిపుణుడికి వీడియోలో రోగిని చూపిస్తున్నప్పుడు ఆ లైనుకు ముందు వరస ఇస్తే ఉద్దానంలో ఎవరూ కాదనరు.

2024 ఆగస్టులో ట్రాయ్ సేవా నాణ్యతకు కొత్త నిబంధనలు ఇచ్చింది, ఆ అక్టోబరు 1 నుంచి అవి మొదలయ్యాయి. ఆలస్యం, హెచ్చుతగ్గులు, పోయే ప్యాకెట్లు, అన్నీ కొలవాలి. జిల్లాలో సేవ 24 గంటలు మించి ఆగితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగింపు ఇవ్వాలి. ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఉంది. అంటే మన ప్రాంతంలో సేవ ఎక్కువగా ఆగే రోజులకే ఆ పరిహారం వర్తించదు. ఈ మినహాయింపును నేను పూర్తిగా తప్పు పట్టను, గాలికి ఎవరు పూచీ? కానీ డీజిలు నిల్వ, నేలలో రెండో దారి, ఇవి గాలి చేతిలో లేవు కదా. వాటి లెక్క ఎవరైనా అడగాలి. కంపెనీలు ఏ ఊళ్లో ఏ సేవ ఉందో మ్యాపులు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని కూడా ఆ నిబంధనల్లో ఉంది. మీ ఊరు ఆ మ్యాపులో నిండుగా రంగు పులుముకుని ఉండి, మీ తోటలో మాత్రం సిగ్నల్ గీత రాకపోతే, ఆ మ్యాపు బొమ్మ తీసి దాన్నే ఫిర్యాదుకు జత చేయండి.

ఇంట్లో చేసుకునే పని ఒకటుంది. ఎవరూ వాడనప్పుడు స్పీడ్ టెస్ట్ చేసి మురిసిపోకండి. ఇంట్లో ఎవరో ఒకరు పెద్ద వీడియో ఎక్కిస్తున్నప్పుడు చేయండి. పింగ్ అని ఒక అంకె వస్తుంది. ఖాళీ వేళ 20, ఎక్కించే వేళ 800 అయితే మీ జబ్బు పెట్టెలో ఉంది, లైనులో కాదు. వైఫై పెట్టె అమరికల్లో క్యూఓఎస్ అనో, స్మార్ట్ క్యూ అనో ఉంటే దాన్ని ఆన్ చేసి, మీ ఎగువ వేగానికి పది శాతం తక్కువ అంకె అక్కడ ఇవ్వండి. ఆ పది శాతం పోగొట్టుకుంటే సింగపూరు మాట తెగదు.

కేబుల్ ఆయన నెల డబ్బులకు వచ్చినప్పుడు 'స్పీడెంత' అని అడగడం మానేసి మూడు మాటలు అడగండి. ఎగువకు ఎంత? ఒక పోగు ఎన్ని ఇళ్లకు పంచారు? మా ఊరి లైను స్తంభాల మీదిదేనా, ఇంకో దారి ఉందా? ఇక ఒకటో తారీఖు ఉదయం వేలిముద్రలకూ, తుపాను రాత్రి అంబులెన్సు కాల్‌కూ ముందు వరస ఉందా లేదా అన్నది ఆయన చెప్పలేడు. అది తుపాన్ల అక్టోబరు రాకముందే గ్రామసభలో లేవనెత్తి, సచివాలయం ద్వారా కలెక్టరాఫీసు దాకా రాతపూర్వకంగా పంపవలసిన ప్రశ్న.